తొమ్మిది ఇరవైల ఓడ

మా పల్నాడులో సముద్రం లేదు గానీ, నరసరావుపేట నుంచి నిజాంపట్నం రేవు మరీ దూరమేం కాదు. 1611 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ వారి 'గ్లోబ్' ఓడ అక్కడికి వచ్చింది. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్. పులికాట్‌లో డచ్చివాళ్ళు అడ్డుపడితే ఇటొచ్చి, ఇక్కణ్ణుంచి మచిలీపట్నం వెళ్ళారు. అమెరికా వాళ్ళు గొప్పగా చెప్పుకునే మేఫ్లవర్ ప్రయాణం దీనికి తొమ్మిదేళ్ళ తర్వాతి సంగతి.

మరి ఆ కాలపు ఇంగ్లీషు ఓడ ఎలా ఉండేది? దీనికి జవాబు వెతికినవాడు విలియం బేకర్ అనే అమెరికన్ నౌకా ఇంజనీరు. మేఫ్లవర్‌ని మళ్ళీ కట్టాలనుకున్నప్పుడు ప్లాను లేదు, బొమ్మ లేదు, శకలం కూడా లేదు. ఆ ఓడలో వెళ్ళిన బ్రాడ్‌ఫర్డ్ రాసుకున్న ఒక్క ముక్క మాత్రం ఉంది: బరువు సుమారు తొమ్మిది ఇరవైలు, అంటే 180 టన్నులు. సోర్స్ కోడ్ పోయి, ప్రోగ్రామూ పోయి, ఎవరో యూజర్ రాసిన ఒక్క మెయిలు మిగిలినట్టన్నమాట!

ఇక్కడ మనబోటి వాళ్ళకి నచ్చే లెక్క ఒకటుంది. ఆ రోజుల్లో ఓడ అడుగున ఉండే వెన్నుదూలం పొడవుని వెడల్పుతో, లోతుతో గుణించి వందతో భాగిస్తే టన్నులు వచ్చేవి. ఉదాహరణకి 58 అడుగుల పొడవు, 25 వెడల్పు, 12.5 లోతు వేసి చూడండి, 181 వస్తుంది. అయితే 180 ఇచ్చే కొలతలు ఇంకా బోలెడుంటాయి కదా? అందుకని అప్పటి ఓడ మేస్త్రులు కాగితాల మీద పెట్టుకున్న నిష్పత్తులు పట్టుకుని వాటిని వడకట్టాలి. అలా తేల్చిన ప్లానుతో ఇంగ్లండులోని బ్రిక్స్‌హామ్‌లో కట్టిన మేఫ్లవర్-2, 1957లో అట్లాంటిక్ దాటింది. లెక్క సరిగ్గా ఉందా అన్నదానికి అంతకన్నా పెద్ద టెస్టింగ్ ఏముంటుంది? చూడ్డానికొచ్చే వాళ్ళ తలలు తగలకుండా డెక్కుల మధ్య ఎత్తు కాస్త పెంచారు. అది రిక్వైర్‌మెంట్ ఛేంజ్ అనుకోండి.

సరే, ఇక మన సంగతి. 1670లలో థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు మన తీరం వెంట తిరిగి, నరసాపురం దగ్గర ఓడలు కట్టడం గురించి రాశాడు. ఇంగ్లీషు వాళ్ళు కూడా అక్కడ ఓడలు కట్టించుకున్నారు. కలప మనది, ఇనుము మనది, వడ్రంగులూ కమ్మరులూ మనవాళ్ళే. ఆ ఓడల్లో ఒక్కదాన్నైనా మళ్ళీ కట్టగలమా? బౌరీ పుస్తకం ఉంది, కానీ అది కొనేవాడి చూపు. కట్టినవాడి కొలతలు చేతిలోనే ఉండిపోయాయి, చేతితోనే పోయాయి. డాక్యుమెంటేషన్ రాయకుండా మంచి ప్రోగ్రామర్ ఉద్యోగం మానేస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా?

అలాగని కాగితం లేకపోతే అంతా అయిపోయినట్టు కాదు. అజంతా గోడ మీది బొమ్మ ఆధారంగా, చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టి గోవాలో కట్టిన 'కౌండిన్య' 2025లో మన నౌకాదళంలో చేరింది. బొమ్మలో ఎక్కడా లేని కుట్టు పని కేరళ పనివాళ్ళ చేతుల్లో ఇంకా బతికుంది కాబట్టే అది సాధ్యమైంది. ఐఐటీ మద్రాసు వాళ్ళు చిన్న నమూనా మీద పరీక్షలు చేశారు. చెయ్యీ, లెక్కా కలిస్తే పని జరుగుతుంది.

కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క పడవలు కట్టే మేస్త్రుల పని ఇంకా పూర్తిగా కనుమరుగు కాలేదు. ఏ కలప ఎక్కడ వాడతారు, వంపు ఎలా తెస్తారు, ఒక్కో ముక్కని ఏ పేరుతో పిలుస్తారు అన్నది వీడియో తీసి, కొలిచి, వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టడానికి కోట్లు అక్కర్లేదు. నాలుగు శనివారాలు, ఒక కెమెరా, ఒక కొలత టేపు చాలు. బ్రాడ్‌ఫర్డ్ రాసిన ఒక్క ముక్క మూడు వందల ఏళ్ళ తర్వాత ఓడైంది. మనం ఆ ఒక్క ముక్కైనా రాసి పెడదామా?