బొమ్మ ఎలా ఉందిరా?

2024 జనవరి 11, గురువారం. అమావాస్య. సాయంత్రం ఐదున్నరకే తిథి దాటి పాడ్యమి వచ్చిందని పంచాంగం అంటుంది గాని, కొల్లేటి గట్ల మీద ఆ రాత్రి చీకటికి ఆ సంగతి తెలియదు. కైకలూరు దిగువన ఒక చేపల చెరువు దగ్గర, రేకుల షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్న మనిషి పదే పదే ఫోను చూసుకుంటున్నాడు. హైదరాబాద్‌లో బావమరిది సినిమాకి వెళ్ళాడు. రేపు విడుదల కావలసిన సినిమాకి ఇవాళే వెళ్ళాడు. అందుకే ఈ ఆత్రం.

తొమ్మిది దాటాక మోగింది.

"బొమ్మ ఎలా ఉందిరా?"

అవతల నుంచి మాట లేదు. జనం కేకలు, బైకుల హారన్లు, ఎవరో జై శ్రీరామ్ అంటున్నారు.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నాను బావా. చెవులు గింగిరాలెత్తుతున్నాయి. చివరి పావుగంట ఎవడూ సీట్లో కూర్చోలా."

"కథ చెప్పమాక. ఎలా ఉందో చెప్పు, చాలు."

సినిమా పేరు 'హను-మాన్'. దర్శకుడు ప్రశాంత్ వర్మ, హీరో తేజ సజ్జా, నిర్మాత నిరంజన్ రెడ్డి. తెలుగులో తీసిన సూపర్ హీరో సినిమా. విడుదల 12న. ఆ ముందురోజు సాయంత్రం నుంచే టికెట్టు పెట్టి ప్రీమియర్లు వేశారు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. ఈ బావ, బావమరిది, కాసేపట్లో రాబోయే తాడేపల్లిగూడెం మావయ్య అచ్చంగా ముగ్గురు మనుషులు కారు. ఆ రాత్రీ ఆ మర్నాడూ ఈ జిల్లాల్లో తిరిగిన మాటల్ని నేను మూడు గొంతులకు పంచాను. పేర్లు పెట్టకపోవడం అందుకే. సంభాషణలు నా అల్లిక. తేదీలు, లెక్కలు, సినిమా సంగతులు కావు.

"ఫస్టాఫ్ సరదాగా పోయింది బావా. మన ఊళ్ళ టైపే. సత్య, గెటప్ శ్రీను నవ్వించారు. కోతి ఒకటుంది, దానికి రవితేజ గొంతు."

"రవితేజా? ఆయన ఈగల్ ఈ పండక్కి రావట్లేదుగా?"

"అది ఫిబ్రవరికెళ్ళింది. గొంతు మాత్రం ఇక్కడుంది."

నిజమే. ఆ సంక్రాంతికి సినిమాలు ఎక్కువై థియేటర్లు చాలక, నిర్మాతల పెద్దలు అడిగితే 'ఈగల్' ఫిబ్రవరి 9కి జరిగింది. అయినా 12న మహేశ్ బాబు 'గుంటూరు కారం', 13న వెంకటేశ్ 'సైంధవ్', 14న నాగార్జున 'నా సామిరంగ' వరసగా ఉన్నాయి. ఈ ముగ్గురి మధ్య, 'చూడాలని వుంది', 'ఇంద్ర'ల్లో చిన్నపిల్లాడిగా కనిపించిన కుర్రాడు హీరోగా ఒక సినిమా. హైదరాబాద్‌లో మొదటిరోజు దీనికి దొరికిన సింగిల్ స్క్రీన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. నైజాంలో ఒప్పుకున్న థియేటర్లు కూడా ఆట వెయ్యలేదని పంపిణీదారులు నిర్మాతల మండలికి ఫిర్యాదు చేసేదాకా వెళ్ళింది.

ఇలాంటి సినిమాకి పోస్టరు కన్నా, ట్రైలరు కన్నా, చూసొచ్చినవాడి నోరే పెద్ద దిక్కు.

"సెకండాఫ్?"

"కొంచెం లాగ్ బావా. మధ్యలో కాస్త కత్తెర వెయ్యొచ్చు. విలన్ కూడా అంత పెద్దగా ఆనలేదు. కానీ క్లైమాక్స్‌కొచ్చేసరికి..." ఆగాడు.

"చెప్పమాక అన్నానా!"

"చెప్పట్లేదు. పూనకాలు. అంతే."

ఏ ఊళ్ళోనైనా తెలుగువాడి టాక్‌కి ఒక వరస ఉంది. ఫస్టాఫ్, ఇంటర్వెల్ బ్యాంగ్, సెకండాఫ్, క్లైమాక్స్. నాలుగు గదుల్లోనూ మార్కులు వేశాకే మొత్తం మీద తీర్పు. ఆ రాత్రి చూసొచ్చినవాళ్ళు చాలామంది ఇంచుమించు ఈ మార్కులే వేశారు: నవ్వులు బాగున్నాయి, నిడివి ఎక్కువ, బడ్జెట్టుకి గ్రాఫిక్స్ అదిరాయి, ఆఖర్న రోమాలు నిక్కబొడిచాయి. 158 నిమిషాల సినిమాకి నిడివి మాట రావడం న్యాయమే. నా మట్టుకు నాకు నచ్చింది, వాళ్ళు ఆ లోపాలు దాచకపోవడం. పెద్ద హీరో సినిమా మొదటి ఆట నుంచి బయటికొచ్చిన అభిమానిని అడిగి చూడండి. వాడి జవాబు లోపలికి వెళ్ళకముందే సిద్ధంగా ఉంటుంది. ఎదుటి హీరో అభిమాని జవాబూ అంతే, తలకిందులుగా. తేజ సజ్జాకి అప్పటికి ఊరూరా కటౌట్లు కట్టే సంఘాలు లేవు, కాబట్టి పగబట్టే సంఘాలూ లేవు. ఎవడికీ కాపాడుకోవలసిన పరువు లేకపోయేసరికి నోట నిజం వచ్చింది.

ఒక చిక్కు మాత్రం ఉంది. హీరోకి సంఘం లేదు గాని, సినిమా పేరులో ఉన్న దేవుడికి ప్రతి ఊళ్ళో గుడి ఉంది. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి ఉన్నాడు. మద్దిచెట్టు తొర్రలో వెలిసిన స్వామి, మంగళవారం వస్తే ఇసకేస్తే రాలనంత జనం. ఆ జనమంతా ముందే ఈ సినిమా పక్షం. కాకపోతే దేవుడి పేరు పెట్టుకుని చెడగొడితే మొదట తిట్టేదీ వాళ్ళే. అంతకు ఏడాది ముందే ఒక పెద్ద సినిమా టీజరు ఆ తిట్లు తిన్నది. 2022 అక్టోబరులో వచ్చిన 'ఆదిపురుష్' టీజరు గ్రాఫిక్స్‌ని జనం ఆటపట్టించిన తీరు అందరికీ గుర్తే. సరిగ్గా ఆ తర్వాతి నెలలో, నవంబరు 21న, 'హను-మాన్' టీజరు వచ్చింది. తక్కువ డబ్బుతో ఇంత బాగా ఎలా తీశారని అప్పుడే మొదలైంది టాక్. 2023 మే 12న రావలసిన సినిమా అటు జరిగి ఇటు జరిగి సంక్రాంతికి చేరినా ఆ మాట చల్లారలేదు.

బావమరిది రాత్రి బస్సెక్కాడు. పండక్కి ఊరెళ్ళే జనంతో సీట్లన్నీ నిండాయి. సూర్యాపేట దాటేలోపు బస్సులో సగం మందికి సంగతి తెలిసింది. ప్రీమియర్ చూశాడని పక్కసీటువాడు వెనకసీటుకి చెప్పాడు, వెనకసీటావిడ తన పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అని అడిగింది.

"తీసుకెళ్ళండి ఆంటీ. పిల్లలకి బాగా నచ్చుద్ది."

"రక్తాలు గట్రా ఉంటాయా బాబూ?"

"కొన్ని ఫైట్లున్నాయి. వరలక్ష్మి గారు కొబ్బరిబొండాల గెలతో కొడతారు, చూడాలి మీరు."

నిర్మాతలు ఎంత ఖర్చుపెట్టి ప్రకటన వేసినా ఆ తల్లికి దక్కని సమాచారం అది. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా లేదా. సంక్రాంతి సినిమాకి అసలు ప్రశ్న ఇదే. ఇంటిల్లిపాదీ కదిలితే ఆరు టికెట్లు, కదలకపోతే ఒకటి.

ఫోన్లో ఇంకో తమాషా జరుగుతోంది. ఎప్పుడూ మనకి టాక్ అమెరికా నుంచి వస్తుంది. అక్కడ ముందురోజు సాయంత్రం ప్రీమియర్లు పడతాయి, మనకి తెల్లారేసరికి డాలస్‌లో ఉన్న పిన్ని కొడుకు తీర్పు చెప్పేసి ఉంటాడు. ఈసారి గడియారం తిరగబడింది. ఇక్కడ ఆట వదిలే వేళకి అక్కడ ఇంకా పొద్దున. డాలస్ తమ్ముడు ఆఫీసుకి బయల్దేరుతూ అడిగాడు, సాయంత్రం టికెట్ తీసుకోవచ్చా అన్నయ్యా అని. కొల్లేటి కుర్రాడు బస్సులోంచి అమెరికాకి టాక్ చెప్పాడు. ఆ సినిమా ఉత్తర అమెరికాలో తర్వాత 50 లక్షల డాలర్లు దాటింది.

తెల్లవారుజామున బస్సు విజయవాడ దాటింది. హనుమాన్ జంక్షన్ రాగానే లోపల ఎవరో గట్టిగా "జై హనుమాన్" అన్నారు, నిద్రలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ కూడలికి ఆ పేరు ఎన్నో ఏళ్ళుగా ఉంది, దానిమీద ఒక సినిమా పేరూ వచ్చింది. ఆ పొద్దు మాత్రం కండక్టర్ కేక సినిమా ప్రచారంలా వినిపించింది.

ఏలూరులో దిగి, కొల్లేటి మీదుగా కైకలూరు రోడ్డు పట్టాడు. జనవరి అంటే ఆటపాకలో గూడబాతుల కాలం. రోడ్డుకి రెండువైపులా చెరువులు, గట్ల మీద ఏరియేటర్ల మోత. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో కొట్టేసిన గట్ల కథలు వింటూ పెరిగిన తరం ఇది. వీళ్ళకి నీళ్ళూ చేపలూ ఇంటి సంగతులు, సినిమా పండగ సంగతి.

ఇక తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్లో కర్నూలు సరుకు, మహారాష్ట్ర సరుకు దిగే చోట కాటా దగ్గర కూర్చునే మావయ్యకి పొద్దున్నే ఫోను వెళ్ళింది. మావయ్యకి అరవై దాటాయి. ఆయన దగ్గర కొత్త సినిమా ఏదీ కొత్తగా ఉండదు.

"సూపర్ హీరో ఏంట్రా కొత్తగా! రామారావు గారు 1980లోనే చేశారు. సూపర్‌మేన్. జయప్రద హీరోయిను. అందులోనూ శక్తులు ఆంజనేయుడే ఇచ్చాడు, తెల్సా?"

"అవునా మావయ్యా?"

"మరి! మధుసూదనరావు గారి డైరెక్షను. అమ్మానాన్నల్ని చంపేస్తే పిల్లాడు హనుమంతుణ్ణి వేడుకుంటాడు. ఆయనొచ్చి శక్తులిస్తాడు. అప్పుడు మేం మార్నింగ్ షో చూసొచ్చి మ్యాట్నీ క్యూలో ఉన్నోళ్ళకి చెప్పేవాళ్ళం. ఆయ్, మేమే మీ ఫోన్లం."

మావయ్య చెప్పింది అక్షరాలా నిజం. పడమటి దేశాల సూపర్‌మేన్ వేరే గ్రహం నుంచి వచ్చాడు, మనవాడికి మాత్రం రెండుసార్లూ శక్తి ఆంజనేయుడి నుంచే అందింది. 'హను-మాన్'లో అంజనాద్రి అనే ఊరు, చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతు, వాడికి దొరికిన రుధిరమణి. ఆ మణి పగటి వెలుగులోనే పనిచేస్తుంది. ఈ ఒక్క షరతే కథని నడిపింది. రాత్రయితే హీరో మామూలు మనిషి.

"అయితే తీసినోడు ఎవడ్రా?"

"ప్రశాంత్ వర్మ. మన పాలకొల్లు కుర్రాడే."

కాటా దగ్గర ఒక్క క్షణం మాట ఆగింది. పాలకొల్లు అంటే అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ. 1995లో 'అమ్మోరు'తో గ్రాఫిక్స్ అంటే ఏమిటో ఈ డెల్టాకి చూపించింది కోడి రామకృష్ణే.

"ముందే చెప్పొద్దా! పాలకొల్లోడైతే చూడాల్సిందే. టికెట్‌లో ఐదు రూపాయలు అయోధ్యకంట కదా?"

అదీ నిజమే. 7న జరిగిన ప్రీ రిలీజ్ వేడుకలో చిరంజీవి ఆ మాట ప్రకటించారు, టికెట్టుకి 5 రూపాయల చొప్పున రామమందిరానికని. ప్రీమియర్లకు తెగిన టికెట్లు 2,97,162. వాటి మీద 14,85,810 రూపాయలు ఇచ్చారు. కొన్నాళ్ళకు మొత్తం 53,28,211 టికెట్లకు 2,66,41,055 రూపాయలని నిర్మాతలు లెక్క చెప్పారు. నాకు ఈ అంకెల్లో విరాళం కన్నా ఇంకోటి కనిపిస్తుంది. సినిమావాళ్ళు ఎన్ని టికెట్లు తెగాయో ఒకట్ల స్థానం దాకా బయటపెట్టడం మన దగ్గర అరుదు, ఎప్పుడూ కోట్లే చెబుతారు. ఈ లెక్క ప్రకారం మొదటి రాత్రి చూసినవాళ్ళు మూడు లక్షల లోపు. మిగతా యాభై లక్షల టికెట్లు వాళ్ళ మాట వెంట వచ్చినవే అనడానికి రుజువు లేదు గాని, నేను అలాగే అనుకుంటాను. పండగ వెళ్ళాక కూడా థియేటర్లు తగ్గాల్సింది పోయి పెరిగాయి. వసూళ్ళు 300 కోట్లు దాటాయని ప్రకటించారు. 2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ జాతీయ పురస్కారాల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రం ఇదే. పోరాటాలకు నందు, పృథ్వీలకు కూడా పురస్కారం వచ్చింది.

మళ్ళీ చెరువుగట్టుకి వద్దాం. బావకి భోగినాడు కుదర్లేదు, పండగనాడు కుదర్లేదు. కాపలా మార్చుకుని కనుమ రాత్రి ఇంట్లో అందర్నీ వేసుకుని సెకండ్ షోకి వెళ్ళాడు. ఒంటిగంట దాటాక బయటికొచ్చాడు. బండి తియ్యకుండా ఫోను తీశాడు. బావమరిదికి కాదు, రేపు వెళ్దామనుకుంటున్న పక్క చెరువు కాపలావాడికి.

"ఏమ్మావా, చూశా. ఏం తీశాడు మావా! అక్కకి ఏమవుద్దంటే..."

"ఆగు, ఆగు. కథ చెప్పమాక."

"కథ కాదు మావా, ఊరికే చెబుతున్నా. ఆ మణి ఉంటదా, అది తీసుకుని విలన్..."

పది నిమిషాలు ఆగకుండా చెప్పాడు. అక్క సంగతి, విభీషణుడి సంగతి, మంచు పగిలి ఎవరు లేచారో, ఆఖర్న 'జై హనుమాన్' అని ఏ అక్షరాలు పడ్డాయో, అన్నీ. పెళ్ళాం భుజం మీద కొట్టి, పిల్లలకి చలేస్తోంది రమ్మంది. అవతల మావ నిట్టూర్చాడు.

"సరేలే మావా. గ్రాఫిక్స్ బాగున్నాయంటావా?"

"గ్రాఫిక్సా? నువ్వు చూడు, నేను చెప్పను."