ఖజానా దక్కింది, ఊళ్లు దక్కలేదు

1816 మార్చి 12న పిండారీలు గుంటూరు మీద పడ్డారు. ఊరిని దోచారు, దొరల ఇళ్లనూ వదల్లేదు. కలెక్టరు కచేరీని మాత్రం గుప్పెడు మంది సిపాయిలు, వాళ్లతోపాటు కొలువుకు పనికిరారని పక్కన పెట్టిన ముసలి సిపాయిలు కాపాడుకున్నారు. అందులో సర్కారు ఖజానా ఉంది, ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన దొరలున్నారు. డబ్బూ దక్కింది, దొరలూ దక్కారు. కచేరీ గోడ అవతలి జనానికి మాత్రం దిక్కులేదు.

నేను గుంటూరు జిల్లావాణ్ణి. చిన్నప్పుడు మాకు పల్నాటి యుద్ధం చెప్పారు, కొండవీటి రెడ్ల వైభవం చెప్పారు. ఈ దాడి గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన కథ ఇది.

పిండారీలు నర్మద దాటి, నిజాం రాజ్యం మీదుగా వచ్చి మార్చి 10న మచిలీపట్నం జిల్లా పొలిమేరలో కనిపించారు. మర్నాడు 38 మైళ్లు నడిచి దారిలో 72 ఊళ్లు దోచారు. ఆ మర్నాడు 54 ఊళ్లు, ఆపైన గుంటూరు. తర్వాత పడమటికి తిరిగి, కడప జిల్లా కొసను తాకి, కృష్ణ దాటి వెళ్లిపోయారు. ఈస్టిండియా కంపెనీ నేల మీద వాళ్లున్నది పదకొండున్నర రోజులు. ఆ తర్వాత ప్రభుత్వం విచారణ జరిపి లెక్క తేల్చింది: దోచుకున్న ఊళ్లు 339, చంపినవాళ్లు 182 మంది, తీవ్రంగా గాయపడినవాళ్లు 505 మంది, చిత్రహింసలు పడ్డవాళ్లు 3,603 మంది.

ఆ చివరి అంకె దగ్గర ఆగాలి. చచ్చినవాళ్లకు దాదాపు ఇరవై రెట్లు హింస పడ్డవాళ్లున్నారు. కోపంతో వచ్చినవాడు చంపిపోతాడు. వీళ్లు డబ్బు కోసం వచ్చారు. ఆ రోజుల్లో మన రైతు సొమ్ము ఇంట్లోనే ఏ గోడలోనో, నేలలోనో దాగి ఉండేది. పొద్దు వాలేలోగా పక్క ఊరికి పోవలసినవాడికి తవ్వి వెతికే తీరికేదీ? అందుకని ఇంటి యజమానిని పట్టుకునేవాళ్లు. గుర్రానికి దాణా పెట్టే సంచిలో వేడి బూడిద, కారం పోసి అతని ముఖానికి కట్టి, ఊపిరి లోపలికి పీల్చేదాకా వీపు మీద గుద్దేవాళ్లు. వెల్లకిలా పడుకోబెట్టి గుండెల మీద పలక వేసి, రెండు చివర్లా మనుషులెక్కి తొక్కేవాళ్లు. సొమ్ము ఎక్కడుందో నోట రావాలి, అంతవరకూ మనిషి బతికుండాలి. ఆ హింసకు ఒక కొలత ఉంది, నేర్చుకున్న చెయ్యి ఉంది. నన్ను భయపెట్టేది అదే.

ఎవరు వీళ్లు? ఒక కులం కాదు, ఒక మతం కాదు. మరాఠా సైన్యాల వెంట జీతం లేకుండా తిరిగి, దొరికింది దోచుకు బతికిన గుర్రపు మూకలు మొదట. తర్వాత కొలువు పోయిన సిపాయిలు చేరారు, కొంప కూలిన రైతులూ చేరారు. అందరికన్నా పేరుపడ్డ నాయకుడు చీతూ. కరువులో ఒక పిండారీ నాయకుడు కొనుక్కున్న పిల్లవాడు అతను. వెయ్యి మందిలో మంచి గుర్రాలున్నవాళ్లు నాలుగు వందలే. చేతిలో పొడుగాటి బల్లెం. గుడారాలు లేవు, సామాను బళ్లు లేవు.

వాళ్ల పనికి ఒక రుతువుంది. వానలు వెనకబట్టి నదులు దాటే వీలు రాగానే, దసరా వేళకు నర్మద ఒడ్డున కూడేవాళ్లు. దాడి ముగించి తిరిగొచ్చాక వాళ్ల విడిది సంతలా మారేది. నాయకుడి వాటా పోగా మిగిలింది అమ్మకానికి పెట్టేవాళ్లు. దూరాల నుంచి వర్తకులు వచ్చి కొనేవాళ్లు. గుంటూరు ఆడపడుచు చెవిలోంచి లాగిన కమ్మను అక్కడ ఎవరో తూకం వేసి, బేరమాడి, మూట కట్టుకుపోయి ఉంటారు. ఆ వర్తకుడి చేతికి నెత్తురు అంటలేదు. కొనేవాడే లేకపోతే వచ్చే దసరాకు అంతమంది కూడేవాళ్లా?

ఇదంతా పెరగడానికి చోటు ఎలా దొరికింది? మరాఠా రాజ్యాల నడుము విరిచిన కంపెనీ, 1805లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ వెనక్కి వెళ్లాక, ఇక మధ్య హిందుస్థానం సంగతి మనకెందుకని చేతులు దులుపుకుంది. మరాఠా రాజులు సింధియా, హోల్కర్లు తమ మూకలనే అదుపు చెయ్యలేకపోయారు. ఇటు మన దగ్గర 1802లో శిస్తును శాశ్వతంగా ఖాయం చేసే పర్మనెంట్ సెటిల్‌మెంటు తెచ్చి జమీందార్ల చేతిలోంచి పోలీసు అధికారం తీసేశారు. శిస్తు గడువు మాత్రం తప్పలేదు. పల్లెకు వచ్చి వసూలు చేసే అధికారం చెక్కుచెదరలేదు, పల్లెకు అండగా నిలబడే అధికారమే లేకుండా పోయింది.

1817లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ లక్షకు పైగా సైన్యాన్ని కదిపాడు. ఏడాది తిరిగేసరికి మూకలు చెదిరిపోయాయి. పిండారీ నాయకుల్లో కరీంఖాన్ లొంగిపోతే గోరఖ్‌పూర్ వైపు భూమి ఇచ్చి కూర్చోబెట్టారు. వాసిల్ మహమ్మద్ కాపలాలో ఉండగా విషం మింగాడు. చీతూ అసీర్‌గఢ్ అడవుల్లో పులి వాత పడ్డాడు. జీనుతో మేస్తున్న గుర్రాన్ని చూసి వెతికితే అతని తల దొరికింది. మామూలు పిండారీలు పల్లెల్లో కలిసిపోయారు. చాలామంది మంచి సేద్యగాళ్లయ్యారు కూడా. పలక మీద ఎక్కి తొక్కిన కాళ్లే నాగలి వెంట నడిచాయి.

ఈ కథను రాక్షసుల కథగా చెప్పి వదిలేస్తే మన పిల్లలకు అన్యాయం చేసినట్టే. పుట్టు రాక్షసులైతే నాగలి పట్టేవాళ్లు కాదు. అలాగని పరిస్థితుల మీదికి నెట్టి వాళ్లను వదిలెయ్యనూ లేం. ఆ సంచి కట్టిన చెయ్యి వాళ్లదే. ఆ నగ కొన్నవాణ్ణీ అడగాలి. అందరికన్నా గట్టిగా, శిస్తు పుచ్చుకుని కాపలా పెట్టని సర్కారును అడగాలి. మన జిల్లా చరిత్రలో ఈ ముగ్గురి లెక్కా 3,603 అన్న అంకె పక్కనే రాసి ఉండాలి.