రోమన్ పట్టణ నిర్మాణాలలో చలువరాయి: మూలస్థాన నిర్ధారణ

రోము నగరంలో తన ఇంటి గోడలన్నింటికీ చలువరాతి తాపడం చేయించిన మొదటి వ్యక్తి మామూర్రా అని ప్లినీ ‘ప్రకృతి చరిత్ర’ 36వ భాగంలో నమోదు చేశాడు. జూలియస్ సీజర్ కింద గాల్ ప్రాంతంలో సైనిక నిర్మాణాల అధికారిగా పనిచేసిన ఈ మామూర్రా ఇంట్లో స్తంభాలన్నీ కరిస్టస్ రాతివో లూనా రాతివో అనీ, అవి అతుకులేని ఏకశిలలనీ కూడా ఆయన చెప్పాడు. ప్లినీకి ఇందులో కనిపించినది విలాసపు దోషం. చరిత్రకారునికి ఉపకరించేవి ఆ రెండు పేర్లు. కరిస్టస్ గ్రీసు దేశపు యూబోయా ద్వీపంలోనిది. లూనా ఇటలీ వాయవ్య తీరంలో, నేటి కరారా గనుల చెంత ఉన్న రేవు. ఇంత స్పష్టమైన లిఖితాధారం ఉన్న కట్టడాలు బహుస్వల్పం. మిగిలిన వాటి విషయంలో రాతినే ఆధారంగా తీసుకోవలసి వస్తుంది.

రంగురాళ్ళ విషయంలో ఇది అంత కష్టం కాదు. ట్యునీషియాలోని షెమ్టూ గనుల పసుపురాయి (నాటి నుమిడియా రాయి), మధ్య టర్కీలోని డోకిమియం గనుల ఊదా చారల రాయి, కరిస్టస్ ఆకుపచ్చ పొరల రాయి, ఈజిప్టు తూర్పు ఎడారి నుంచి వచ్చిన ఎర్ర పోర్ఫిరీ అనుభవజ్ఞుల కంటికి చాలావరకు చూడగానే తెలుస్తాయి. లాటిన్‌లో ‘మార్మొర్’ అన్న మాట మెరుగు పట్టే ఏ రాతికైనా చెల్లింది కనుక గ్రానైట్, పోర్ఫిరీలు కూడా ఈ చర్చలోకి వస్తాయి. (అమరావతి స్తూపశిల్పాలకు ‘అమరావతి మార్బుల్స్’ అన్న పేరు రావడం కూడా ఇటువంటిదే, అవి నిజానికి పల్నాటి సున్నపురాతివి.)

అసలు సమస్య తెల్లరాయితోనే. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై స్ఫటికరూపం పొందిన సున్నపురాయే చలువరాయి. పారోస్‌లోనైనా, కరారాలోనైనా, పెంటెలికాన్‌లోనైనా అది ప్రధానంగా ఒకే ఖనిజం. చాలాకాలం కళాచరిత్రకారులు రంగు ఛాయనూ రేణువుల పరిమాణాన్నీ చూసి గని పేరు చెప్పేవారు. విగ్రహశైలి గ్రీకు అయితే రాయి కూడా గ్రీకుదే అనుకోవడం వారిలో చాలామందికి అలవాటు. 1890లో జర్మన్ భూవిజ్ఞాని లెప్సియస్ గ్రీకు చలువరాళ్ళ పలుచని ఛేదాలను సూక్ష్మదర్శినితో పరిశీలించి ప్రచురించిన గ్రంథం ఈ ఊహాగానాల నుంచి బయటపడే తొలి గట్టి ప్రయత్నం.

రెండవ మలుపు 1972లో వచ్చింది. హార్మన్ క్రేగ్, వాలెరీ క్రేగ్ ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో నాక్సోస్, పారోస్, పెంటెలికాన్, హైమెటస్ గనుల రాళ్ళను ఐసోటోపుల నిష్పత్తి ఆధారంగా వేరు చేసి చూపారు. కర్బనం 13కూ 12కూ, ఆక్సిజన్ 18కీ 16కూ మధ్య నిష్పత్తులు మొదటి సున్నపురాయి ఏర్పడిన పరిస్థితులను బట్టీ, ఆ తరువాత అది భరించిన ఉష్ణోగ్రతనూ దానిలో సంచరించిన ద్రవాలనూ బట్టీ మారుతాయి. కొద్ది మిల్లీగ్రాముల పొడి చాలు కనుక కట్టడానికి హాని తక్కువ. రెండు నిష్పత్తులను ఒక పటంపై గుర్తిస్తే ఒక్కొక్క గని ఒక్కొక్క ప్రాంతాన్ని ఆక్రమిస్తుంది.

నాలుగు గనుల పటం స్పష్టంగానే ఉంది. నమూనాలు పెరిగేకొద్దీ పటం కిక్కిరిసింది. ఒక గని హద్దు మరొక గని హద్దులోకి చొచ్చుకుపోయింది. అందువల్ల ఐసోటోపులతోపాటు గరిష్ఠ రేణు పరిమాణం, మాంగనీసు వంటి స్వల్పాంశాల మోతాదు, ఎలక్ట్రాన్ ధార తగిలినప్పుడు రాయి వెలిగే తీరు మొదలైనవాటిని కలిపి చూడడం ఆనవాయితీ అయింది.

ఇన్ని కొలతలున్నా ఒక మౌలికమైన లోపం మిగిలే ఉంటుంది. పోలికకు తీసుకున్న పట్టికలో లేని గని ఎన్నటికీ సమాధానంగా రాదు. దానికి బదులు దగ్గరి పోలికలున్న మరొక గని పేరు వస్తుంది. నైరుతి టర్కీలోని గోక్‌టెపె గనులు ఇందుకు నిదర్శనం. అఫ్రోడిసియస్ నగరానికి నైరుతిగా ఉన్న ఈ గనుల తెలుపు, నలుపు రాళ్ళను అట్టనాసియో, బ్రూనో, యవూజ్ 2009లో పరిశోధక లోకానికి పరిచయం చేశారు. ఇక్కడి తెల్లరాయి అతి సన్నని రేణువులది. ఐసోటోపులను మాత్రమే చూస్తే దీనిని కరారాగానో, పారోస్ మేలిరకంగానో పొరబడే అవకాశం ఉంది. స్ట్రోన్షియం ఎక్కువగా, మాంగనీసు అతి తక్కువగా ఉండడం దీని ప్రత్యేకత. ఆ కొలతలు చేర్చి తిరిగి పరీక్షించినప్పుడు, అంతకుముందు కరారాకో పారోస్‌కో కేటాయించిన విగ్రహాలు పలువురి జాబితాలలో చోటు మారాయి. పాత పరీక్షలలో కొలతల తప్పు లేదు. గోక్‌టెపె అనే పేరు అప్పటి పట్టికలో లేదు, అంతే. 2009కి పూర్వపు విశ్లేషణలపై ఆధారపడి ‘ఇటలీ నుంచి ఎగుమతి’ అని రాసిన వాణిజ్య చరిత్రలను ఈ దృష్టితో మళ్ళీ చదవవలసి ఉంది.

ప్రయోగశాలకు అందనిది కొన్నిసార్లు శాసనం చెబుతుంది. టైబర్ నది ఒడ్డున, టెస్టాచియో గుట్ట సమీపంలోని మార్మొరాటా అనే రేవుస్థలంలో పందొమ్మిదవ శతాబ్దంలో బయల్పడిన ముడి దిమ్మెలపై ఉన్న గని గుర్తులను లూయిజీ బ్రుజ్జా 1870లో సంకలించాడు. డోకిమియం దిమ్మెలపై కాన్సళ్ళ పేర్లు, కార్ఖానా, రాయి తీసిన భాగం కూడా కనబడతాయి. కాన్సళ్ళ పేరు ఉంటే రాయి తీసిన సంవత్సరమే తెలుస్తుంది. అయితే గోడకు పలకగా కోసిన తరువాత ఆ గుర్తు మిగలదు. పట్టణ కట్టడాలలో అత్యధికం ఇలాంటి పలకలే.

పట్టణాలలో దొరికే రాయి సుదూరం నుంచే రావాలని లేదు. స్పెయిన్‌లోని ఎమెరిటా అగస్టా (నేటి మెరిడా) అలంకరణలో ప్రధానంగా వాడినది నేటి పోర్చుగల్‌లోని ఎస్ట్రెమోజ్ ప్రాంతపు చలువరాయి. అది లుసిటానియా రాష్ట్రంలోనిదే. ఎమెరిటా ఆ రాష్ట్రానికి రాజధాని. మరోవైపు మర్మరా సముద్రంలోని ప్రోకొనెసస్ ద్వీపపు బూడిద చారల రాయి, గనులు నీటి అంచునే ఉన్నందువల్ల, ఆఫ్రికా తీరంలోని లెప్టిస్ మాగ్నా వరకూ ఓడలలో చేరింది. క్రీ.శ. 301 నాటి డయోక్లీషియన్ ధరల శాసనంలో పోర్ఫిరీ అడుగు 250 డెనారీలు కాగా ప్రోకొనెసస్ రాయి 40 మాత్రమే. తెల్లరాయి కనిపించినంత మాత్రాన ఆ పట్టణం సంపన్నమని చెప్పడం ఈ లెక్కల ముందు నిలవదు.

పాంపేయి పానశాలల కౌంటర్లు ఈ సమస్యను మరొక వైపు నుంచి చూపుతాయి. వీధి వైపున్న ఈ కౌంటర్ల పైభాగాలపై పసుపు, ఆకుపచ్చ, ఊదా చారల, తెల్ల రాతిముక్కలు గళ్ళ దుప్పటిలా అతికించి ఉంటాయి. ముక్కల పరిమాణాలూ అంచులూ ఒకదానికొకటి పొందవు. ఎక్కువభాగం అంతకుముందు వేరే చోట తాపడంగానో నేలగానో వాడినవి. క్రీ.శ. 62 నాటి భూకంపం తరువాత పట్టణంలో పాత తాపడాల ముక్కలకు కొరత ఉండదు. కౌంటరులోని పసుపుముక్క షెమ్టూ గనిదని రుజువు కావచ్చు. దుకాణదారు మాత్రం దానిని పక్కవీధిలో కూలిన ఇంటి శిథిలాల నుంచే తెచ్చుకొని ఉండవచ్చు.