‘కు’ ఏ విభక్తి? లాటిన్ నామరూప చట్రం, తెలుగు వ్యాకరణ చరిత్ర

హైదరాబాదు తూర్పు భాగంలో ఇరుగుపొరుగున ఉన్న ప్రాంతాలు ఉప్పల్, నాచారం. బస్సు ఎక్కినవారు ‘ఉప్పల్‌కు’ అంటారు, ‘నాచారానికి’ అంటారు. మొదటి పేరుకు ప్రత్యయం నేరుగా చేరింది. రెండవ పేరులో తుది అనుస్వారం పోయి, ముందరి అచ్చు దీర్ఘమై, ‘ని’ చేరిన తరువాతనే ‘కి’ నిలిచింది. ఈ ‘కు/కి’ ఏ విభక్తి అన్న ప్రశ్నకు మాత్రం రెండు సమాధానాలు వస్తాయి. బడిలో విభక్తి ప్రత్యయాల పట్టికను వల్లెవేసినవారు షష్ఠి అంటారు. ఆధునిక భాషాశాస్త్రం చదివినవారు చతుర్థి అంటారు. ఒకే ప్రత్యయం రెండు గదుల్లో కనబడడం పారిభాషికమైన చిన్న తేడాగా తోస్తుంది. కాని ఆ తేడా వెనుక తెలుగు నామపదాన్ని వర్ణించడానికి వాడిన రెండు పరాయి చట్రాల చరిత్ర ఉంది. ఒకటి సంస్కృతానిది, రెండవది లాటిన్‌ది. మొదటిదానిపై చర్చ విస్తారంగానే జరిగింది. రెండవదానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉప్పల్ పరిసరాలకు లాటిన్ దూరపు భాషే గాని అపరిచితం కాదు. హబ్సిగూడ నుండి ఉప్పల్ వెళ్లే దారిలోని సీసీఎంబీ వంటి జీవశాస్త్ర పరిశోధనాలయాల్లో నిత్యం వినబడే ‘ఇ. కోలి’ అన్న పేరులోని ‘కోలి’ లాటిన్ షష్ఠీ రూపం. ‘కోలోన్’ అంటే పెద్దపేగు, ‘కోలి’ అంటే పెద్దపేగు యొక్క. కలరా క్రిమికి ‘విబ్రియో కొలెరే’ అని పేరు పెట్టినప్పుడు వాడినది కూడా షష్ఠినే. రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీ కాథలిక్ గురువిద్యార్థులకు శిక్షణనిచ్చే సంస్థ. గురువిద్యార్థులకు లాటిన్ బాగా అర్థం కావాలని 1983 నాటి కాథలిక్ ధర్మసంహితలోని 249వ నిబంధన కోరుతుంది. ఇక నాచారానికి పడమట ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని భాషాశాస్త్ర శాఖకు 1962 నుండి రెండు దశాబ్దాలకు పైగా నాయకత్వం వహించినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. ‘కు’ చతుర్థి అన్న నిర్ణయానికి ఆధునిక శాస్త్రీయమైన పునాది వేసినవారిలో ఆయన ముఖ్యులు.

అంకెల పేర్లు, అర్థాల పేర్లు

సంస్కృత వైయాకరణులు విభక్తులకు అంకెలే పేర్లుగా పెట్టారు. ప్రథమ, ద్వితీయ, తృతీయ అన్నవి ‘సుప్’ ప్రత్యయాల వరుసలో స్థానాలు మాత్రమే. ఏడు విభక్తులు, మూడు వచనాలు, మొత్తం ఇరవై ఒక్క ప్రత్యయాలు. వాక్యంలోని అర్థసంబంధాన్ని చెప్పే పని కారకానిది. పాణిని ఈ రెండింటినీ వేరుగా ఉంచడంవల్ల ఒక విభక్తి పలు కారకాలను, ఒక కారకం పలు విభక్తులను అంటిపెట్టుకోవడానికి వీలు కలిగింది.

లాటిన్ సంప్రదాయం వేరు. ‘కాసుస్’ అంటే పడిపోవడం. ‘ప్తోసిస్’ అన్న గ్రీకు మాటకు అది అనువాదం. నిలువుగా ఉన్న ప్రథమా రూపం నుండి తక్కినవి ఒరిగిపోయాయన్న భావన దానిలో ఉంది. విభక్తుల పేర్లు అర్థాన్ని బట్టి వచ్చినవి. చతుర్థికి ‘దతీవుస్’, అంటే ఇచ్చుటకు సంబంధించినది. దీనికి మూలమైన లాటిన్ ధాతువు సంస్కృత ‘దా’ ధాతువుకు జ్ఞాతి. ద్వితీయకు ‘అక్కూసాతీవుస్’, అంటే నేరం మోపునది! గ్రీకులో కార్యాన్ని, కారణాన్ని సూచించే మాటను అభియోగార్థంలో పొరబడి అనువదించడంవల్ల ఈ పేరు వచ్చిందని పండితుల అభిప్రాయం. గ్రీకులో లేని ‘అబ్లాతీవుస్’‌ను క్రీ.పూ. 1వ శతాబ్దికి చెందిన వర్రో ఆరవ విభక్తిగా, లాటిన్‌కే సొంతమైనదిగా పరిగణించాడు. నాలుగవ శతాబ్దిలో దొనాతుస్ రాసిన చిన్న వ్యాకరణం ద్వారా ఆరు విభక్తుల పట్టిక ఐరోపా బడులలో స్థిరపడింది.

ఈ పట్టికలో రూపానికీ అర్థానికీ పొత్తు కుదరదు. ‘రోసా’ అంటే గులాబి. ‘రోసే’ అన్న ఒక్క రూపమే షష్ఠీ ఏకవచనం, చతుర్థీ ఏకవచనం, ప్రథమా బహువచనం కూడా. సంస్కృతంలో తృతీయ, పంచమి, సప్తమి విడివిడిగా చేసే పనులను లాటిన్‌లో చాలావరకు అబ్లాతీవుస్ ఒక్కటే మోస్తుంది. అందుచేతనే లాటిన్ ఉపాధ్యాయులు రూపాలు నేర్పిన తరువాత సాధనార్థం, విశ్లేషార్థం, కాలార్థం, తారతమ్యార్థం అంటూ ప్రతి విభక్తి కింద ప్రయోజనాల జాబితా మళ్లీ నేర్పవలసి వచ్చింది. పాణిని కారకాల ద్వారా ఒక్కసారిగా సాధించిన విభజనను వారు వందల ఉదాహరణలతో సాధించారు.

లాటిన్ కళ్లతో తెలుగు

తెలుగు నామరూపాలను లాటిన్ పరిభాషలో వర్ణించిన తొలి ప్రయత్నాలలో బెంజమిన్ షుల్జ్ 1728లో మద్రాసులో ముగించిన ‘గ్రమ్మాతికా తెలుగికా’ ముఖ్యమైనది. అది లాటిన్‌లోనే రాసిన వ్యాకరణం. అచ్చు కావడానికి 1984 దాకా ఆగింది కనుక తరువాతివారిపై దాని ప్రత్యక్ష ప్రభావం స్వల్పమే. విలియం కేరీ 1814లో, ఎ.డి. క్యాంబెల్ 1816లో, సి.పి. బ్రౌన్ 1840లో ప్రచురించిన వ్యాకరణాలు ఇంగ్లీషులో ఉన్నవి. అయినా ఆనాటి ఇంగ్లీషు వ్యాకరణ పరిభాషే లాటిన్ నుండి వచ్చింది. క్యాంబెల్ గ్రంథం నేడు ఎక్కువగా గుర్తుకు వచ్చేది దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావని చూపిన ఎల్లిస్ పీఠికా వ్యాఖ్య వల్ల. సంస్కృత చట్రం నుండి తెలుగును విడిపించే వాదం, లాటిన్ చట్రంలో తెలుగును కూర్చే పరిభాష ఒకే సంపుటిలో పక్కపక్కనే ఉండడం ఆ కాలపు వైచిత్రి.

లాటిన్ చట్రం పరిమితి 1873 నాటి ఎ.హెచ్. ఆర్డెన్ వ్యాకరణంలో స్పష్టంగా కనబడుతుంది. లాటిన్ నామాలకు ఐదు రూపవర్గాలు ఉన్నట్లే ఆర్డెన్ తెలుగు నామాలకు మూడు చెప్పాడు. ‘తమ్ముడు’ వంటి డుమంతాలు మొదటి వర్గం, ‘గుఱ్ఱము’ వంటి మువర్ణాంతాలు రెండవది, మిగిలినవన్నీ మూడవది. ఆ లెక్కన నాచారం రెండవ వర్గం, ఉప్పల్ మూడవ వర్గం. విద్యార్థికి ఇది ఉపయోగపడే విభజనే. అయితే లాటిన్‌లో వర్గం మారితే ప్రత్యయమే మారుతుంది. చతుర్థీ ఏకవచనంలో ‘రోసే’, ‘దొమినో’, ‘రేగీ’ అన్న మూడింటికీ ఉమ్మడి ప్రత్యయం కనబడదు. పైగా వచనం, విభక్తి ఒకే అక్షరంలో కలిసిపోతాయి. తెలుగులో బహువచన ‘ల’ ఒకచోట, ‘కు’ మరొకచోట నిలుస్తాయి. ప్రత్యయం అన్ని నామాలకూ ఒకటే, ‘కి’, ‘కు’ల భేదం ముందున్న అచ్చును బట్టి వచ్చేది. మారేది ప్రత్యయానికి ముందున్న ప్రాతిపదిక మాత్రమే.

ఆ మార్పును సరిగ్గా పట్టుకున్నవాడు చిన్నయసూరి. 1858 నాటి బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణకాలకు ఔపవిభక్తికాలని పేరు పెట్టాడు. కాలు–కాలి, ఇల్లు–ఇంటి, చేయి–చేతి. విచిత్రమేమంటే దీనికి దగ్గరి పోలిక లాటిన్‌లోనే దొరుకుతుంది. లాటిన్ నిఘంటువులు ప్రతి నామానికి ప్రథమతో పాటు షష్ఠీ రూపాన్ని ఇస్తాయి. రాజు అన్న అర్థంలోని ‘రేక్స్’ చూసి దాని ప్రాతిపదిక తెలియదు, ‘రేగిస్’ చూస్తేనే తెలుస్తుంది. ‘నుయ్యి’ పక్కన ‘నూతి’ ఇవ్వకపోతే తెలుగు నేర్చేవాడికీ ఇదే ఇబ్బంది. లాటిన్‌లో ‘దొముస్ పత్రిస్’ అన్నప్పుడు ‘పత్రిస్’ షష్ఠి. తెలుగులో ‘తండ్రి ఇల్లు’, ‘ఇంటి తలుపు’ అంటే చాలు, ప్రత్యయం అక్కరలేదు. అనువాద గ్రంథాలలో ఊపిరాడకుండా చేసే ‘యొక్క’ జీవద్భాషలో అరుదు.

షష్ఠిలో చేరిన ‘కు’

బాలవ్యాకరణం ప్రకారం కొఱకు, కై చతుర్థి. కి, కు, యొక్క, లో, లోపల షష్ఠి. తమిళ, కన్నడ సంప్రదాయాలు ఇలా చెప్పలేదు. తొల్కాప్పియం విభక్తులకు ప్రత్యయాలనే పేర్లుగా వాడి ‘కు’ను నాలుగవ స్థానంలో నిలిపింది. కేశిరాజు శబ్దమణిదర్పణంలో ‘గె, కె’ చతుర్థి. తెలుగు వ్యాకరణ సంప్రదాయం ఒక్కటే సోదర ప్రత్యయాన్ని షష్ఠికి పంపింది.

దీనికి రెండు కారణాలను ఊహించవచ్చు. సంస్కృత వ్యాకరణంలో విభక్తి అంకె ఒక ప్రత్యయస్థానాన్ని సూచిస్తుంది. తెలుగులో అటువంటి ఇరవై ఒక్క ప్రత్యయాల వరుస లేదు కనుక అంకెలు అర్థాలకు గుర్తులుగా మారాయి. అర్థాన్ని బట్టి చూస్తే ‘దశరథునకు కొడుకు’ అన్నచోట ‘కు’ స్పష్టంగా సంబంధార్థకం. రెండవది, ప్రాకృతంలో చతుర్థి పని చాలావరకు షష్ఠి చేస్తుంది. వరరుచి ప్రాకృత వ్యాకరణం చతుర్థికి మారుగా షష్ఠిని విధించింది. సంస్కృత, ప్రాకృత వ్యాకరణాలు రెండూ ఎరిగిన పండితులకు ‘కు’ షష్ఠిలో ఉండడం అసహజంగా తోచి ఉండదు. కనుక చిన్నయసూరి పట్టికను పొరపాటుగా కొట్టివేయడం న్యాయం కాదు. అయితే అదే పట్టికలోని ‘లో, లోపల’ అధికరణార్థకాలు. వాటిని ‘యొక్క’ పక్కన ఉంచిన విభజన నేటి పాఠ్యపుస్తకానికి సమర్థనీయం కాదు.

ఐరోపా వైయాకరణులు ‘కు’ను దతీవుస్ అనడానికి కారణం వేరు. వారికి తొల్కాప్పియం ప్రమాణం కాదు. ఇచ్చే క్రియతో కనబడిన ప్రత్యయాన్ని లాటిన్ పేరుతో పిలిచారు, అంతే. ఆ పేరు తమిళ, కన్నడ సంప్రదాయాలతో ఏకీభవించడం యాదృచ్ఛికం. ఆ ఏకీభావానికి చారిత్రక ఆధారం తులనాత్మక ద్రావిడ పరిశోధన వల్ల దొరికింది. కాల్డ్వెల్ 1856లోనే ద్రావిడ భాషల్లో ప్రతి పరప్రత్యయమూ ఒక విభక్తి కాగలదని, ఎనిమిది అన్న సంఖ్య సంస్కృతానుకరణ మాత్రమేనని వాదించాడు.

నాకు, మాకు, సాయానికి

లాటిన్ దతీవుస్‌కు, తెలుగు ‘కు’కు ఉన్న సామ్యం పేరుకే పరిమితం కాదు. ‘మిహి లిబెర్ ఎస్త్’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారు పుస్తకాన్ని కర్మగా, ‘నేను’ను కర్తగా మార్చవలసి వస్తుంది. తెలుగులో ‘నాకు పుస్తకం ఉంది’ అంటే సరిపోతుంది. ‘మిహి ప్లకెత్’ అంటే ‘నాకు నచ్చుతుంది’. ‘ఔక్సిలియో వేనిత్’ అంటే ‘సాయానికి వచ్చాడు’. ఇంగ్లీషు మాధ్యమంలో లాటిన్ నేర్చుకునే తెలుగు విద్యార్థి ఈ మూడు ప్రయోగాలనూ విశేషాలుగా కంఠస్థం చేస్తాడు. తన మాతృభాషలోనే అవి ఉన్నాయని చెప్పే పాఠ్యపుస్తకం ఉంటే ఆ శ్రమ చాలావరకు తగ్గుతుంది.

అదే విద్యార్థి పొరబడే చోటు కూడా ఇక్కడే ఉంది. ‘రోముకు వెళ్తున్నాను’ అన్నప్పుడు ‘కు’ను చూసి దతీవుస్ వాడితే తప్పు. లాటిన్ ‘రోమమ్’ అని ద్వితీయను కోరుతుంది. ‘ఎనిమిదో గంటకు’ అన్న కాలార్థానికి ‘హోరా ఒక్తావా’ అని అబ్లాతీవుస్ కావాలి. నాచారం నుండి ఉప్పల్‌కు ఎనిమిదో గంటకు బయలుదేరినవాడి వాక్యంలో తెలుగు రెండుసార్లు వాడే ‘కు’కు లాటిన్ రెండు వేర్వేరు విభక్తులు చూపుతుంది, వాటిలో ఒక్కటీ దతీవుస్ కాదు. చతుర్థి అన్న పేరు ‘కు’కు సరిపోతుంది గాని దాని ప్రయోజనాల పరిధి లాటిన్ చతుర్థి పరిధి కాదు. పేరును రూపానికి ఇచ్చి, ప్రయోజనాలను వేరుగా లెక్కించిన పాణిని పద్ధతి ఇక్కడ మళ్లీ అవసరమవుతుంది.

కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ప్రథమాది అంకెలు వర్ణనకు ఆధారం కావు. ‘కి/కు’ చతుర్థీ ప్రత్యయంగా ఒకచోట నిలిచింది. 2003 నాటి కృష్ణమూర్తి ద్రావిడ భాషల గ్రంథం ఆ ప్రత్యయానికి కకారంతో కూడిన మూలద్రావిడ రూపాన్ని పునర్నిర్మించింది. అయినా ఆ విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలోని బడులలో సైతం తెలుగు వాచకాన్ని వల్లెవేసే పిల్లవాడికి ‘నాచారానికి’ నేటికీ షష్ఠే.