పీ-2: ఇటలీ రహస్య లాడ్జి

ఇటలీలో ‘ప్రొపగాండా డ్యూ’, అంటే పీ-2, మొదట ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వారి లాడ్జి, అంటే శాఖ. 1970వ దశకంలో లీచో జెల్లి చేతికి వచ్చాక అది అధికారుల, రాజకీయ నాయకుల రహస్య కూటమిగా మారింది. 1976లో మేసన్ల కేంద్ర సంస్థ దాన్ని సస్పెండ్ చేసినా కార్యకలాపాలు ఆగలేదు.

ఈ లాడ్జికి మాఫియాతో లంకె వేసినవాడు సిసిలీ బ్యాంకరు మికేలే సిందోనా. మాఫియా డబ్బు అతని ద్వారా చలామణీ అయ్యేది. 1974లో అతని బ్యాంకులు కూలాయి. వాటి లెక్కలు తేల్చే పని జోర్జో అంబ్రోసోలి అనే న్యాయవాది మీద పడింది. ఈ చరిత్రలో ముందుగా తలచుకోవలసిన మనిషి ఆయనే. బెదిరింపు ఫోన్లు వచ్చినా వెనక్కి తగ్గలేదు. 1979 జూలైలో సిందోనా పురమాయించిన హంతకుడు మిలాన్‌లో ఆయనను కాల్చి చంపాడు. అంత్యక్రియలకు మంత్రులెవరూ రాలేదు. అంతటి నిజాయితీపరుడికి ఆ రాజ్యం ఇచ్చిన గౌరవం అది.

కొద్ది వారాలకే సిందోనా తనను ఎవరో అపహరించినట్టు నాటకమాడి, మాఫియా అండతో సిసిలీలో దాక్కున్నాడు. ఆ కూపీ లాగుతూ మిలాన్ న్యాయాధికారులు 1981 మార్చి 17న ఆరెజ్జో ప్రాంతంలోని జెల్లి ఇల్లు, కార్యాలయం సోదా చేయించారు. 962 పేర్ల జాబితా దొరికింది. అందులో మంత్రులు, గూఢచారి సంస్థల అధిపతులు, సేనానులు, అప్పటికి వ్యాపారి అయిన సిల్వియో బెర్లుస్కోనీ ఉన్నారు. జాబితా బయటపడటంతో ప్రధాని ఫోర్లానీ ప్రభుత్వం కూలింది.

1982లో చట్టం చేసి లాడ్జిని రద్దు చేశారు. అదే ఏడాది జూన్‌లో, పీ-2 సభ్యుడైన బ్యాంకరు రొబెర్తో కాల్వి లండన్‌లో ఒక వంతెన కింద ఉరికి వేలాడుతూ కనిపించాడు. దాన్ని హత్యగా భావించి నడిపిన కేసులో నిందితులు 2007లో నిర్దోషులుగా విడుదలయ్యారు.