పరిశోధన పత్రికల చందా: కొలమానాల చరిత్ర

అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన పి.ఎల్.కె. గ్రాస్, ఇ.ఎం. గ్రాస్ 1927లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న ప్రశ్న వేశారు. విద్యార్థులను ఉన్నత పరిశోధనకు సిద్ధం చేయవలసిన చిన్న కళాశాల ఏయే రసాయనశాస్త్ర పత్రికలు తెప్పించాలి? ఆచార్యుల అభిరుచిపై ఆధారపడకుండా, వారు అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటంలోని ఉల్లేఖనలను, అంటే సైటేషన్లను, లెక్కించారు. 247 పత్రికలకు చెందిన 3,633 ఉల్లేఖనలు తేలాయి.

ఏడేళ్ల తరువాత లండన్ సైన్స్ మ్యూజియం గ్రంథాలయానికి చెందిన ఎస్.సి. బ్రాడ్‌ఫర్డ్ అనువర్తిత భూభౌతికశాస్త్రంలో 1,332 వ్యాసాలను పరిశీలించాడు. అవి 326 పత్రికల్లో చెదిరి ఉన్నా, 429 వ్యాసాలు కేవలం 9 పత్రికల్లోనే వచ్చాయి. చివరి 404 వ్యాసాల కోసం 258 పత్రికలు తిరగేయాలి. ఎక్కడ ఆగాలో గ్రంథాలయాధికారికి ఇంత స్పష్టంగా చెప్పిన లెక్క మరొకటి లేదనవచ్చు.

ఈ రెండు లెక్కల్లోనూ ధర లేదు. దానిని ముందుకు తెచ్చినవాడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హెన్రీ బార్షాల్. 1988లో ఆయన సుమారు 200 భౌతికశాస్త్ర పత్రికలను తూచాడు. వెయ్యి అక్షరాలకు గ్రంథాలయం ఎంత చెల్లిస్తున్నదో లెక్కకట్టి, ఆ మొత్తాన్ని ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో భాగించాడు. విద్వత్సంఘాల పత్రికలు చవకగా తేలాయి. గోర్డన్ అండ్ బ్రీచ్ అనే వాణిజ్య సంస్థ పత్రికలు అట్టడుగున నిలిచాయి. ఆ సంస్థ పలు దేశాల్లో దావాలు వేసింది. ఫలితాలను ప్రచురించిన సంఘాలకూ సొంత పత్రికలున్నాయి కనుక, వాటిని గ్రంథాలయాధికారులకు పంచిపెట్టడం తప్పుడు ప్రకటనే అవుతుందని దాని వాదం. స్వప్రయోజనం ఉన్నమాట నిజమే, కానీ అంతమాత్రాన లెక్క తప్పు కాదు. 1997 ఆగస్టులో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం సంఘాల పక్షాన తీర్పునిచ్చింది. బార్షాల్ అప్పటికి కొన్ని నెలల క్రితమే మరణించాడు.

అయితే ఈ కొలమానం ఒక ప్రశ్నను వదిలేసింది: ఆ పత్రికను మన కళాశాలలో ఎవరైనా చదువుతున్నారా? 2002లో ఏర్పడిన కౌంటర్ సంస్థ వినియోగ గణాంకాలకు ఉమ్మడి ప్రమాణాలు రూపొందించాక, ఒక్కో డౌన్‌లోడ్‌కు అయ్యే ఖర్చును పోల్చడం సాధ్యమైంది. విడ్డూరమేమంటే, ఆ సరికే ఎంపిక చేజారుతోంది. 1996లో అకడమిక్ ప్రెస్ ఆరంభించిన మూకుమ్మడి ఒప్పందాల పద్ధతిలో కావలసినవీ అక్కరలేనివీ ఒకే మూటగా వస్తాయి.

మనదేశంలో 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తుంది. వాటిలో అనేకం చిన్న కళాశాలలు సొంతంగా తెప్పించుకోలేనివే. ఈ జాబితాకు బయట ఉన్నవాటిని, తెలుగు పరిశోధన పత్రికలతో సహా, ఎంచుకునే పని మాత్రం ఇప్పటికీ కళాశాలదే. అక్కడ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అక్కరకు రాదు. పొమోనాలో చేసినట్లు, మన సిద్ధాంత గ్రంథాల చివరి పుటలు తిరగేసి లెక్కపెట్టుకోవలసిందే.