చెరువు కూడా సంతానమే



మన పెద్దలు సప్తసంతానాలని ఏడింటిని లెక్కపెట్టారు. కొడుకు, చెరువు, గుడి, తోట, అగ్రహారం, నిధి, కావ్యం. మనిషి పోయిన తరువాత అతని పేరు నిలబెట్టేవి ఇవేనని వారి నమ్మకం. చెరువును కొడుకు సరసన కూర్చోబెట్టారు చూడండి! బిడ్డను కన్నంత మాత్రాన తండ్రి పని తీరిపోదు గదా. చెరువు సంగతీ అంతే. తవ్వించడం ఒక తరం పని, కాపాడటం ప్రతి తరం పని.

కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువు వున్నది. విజయనగరం ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి రాజ్యం చూస్తున్న కాలంలో దీన్ని కట్టించాడు. ఆయనకే భవదూరుడని మరో పేరు. 1369వ సంవత్సరంలో అక్కడ సంస్కృతంలో ఒక శాసనం వేయించాడు. ప్రతిదినం 1000 మంది కూలీలు, రాయి తోలటానికి 100 బండ్లు, రెండేండ్లు పనిచేస్తే గాని ఆ చెరువు పూర్తి కాలేదట.

మామూలుగా శాసనమంటే రాజుగారి పొగడ్త, దానం వివరం. ఈ రాతి మీద మాత్రం పాఠం వున్నది. మంచి చెరువుకు 12 అంగాలు కావాలంటుంది. ధర్మబుద్ధిగల రాజు, నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యని నీరుగల ఏరు, కట్టకు ఆనుకునే కొండలు, పనితనం ఎరిగిన కూలీలు, ఇలా చెప్పుకుంటూ పోతుంది. తరువాత ఆరు దోషాలు చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరటం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో వుండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావటం, నేల తక్కువై నీరు ఎక్కువ కావటం.

తన చెరువు కట్టించుకున్న తరువాత ఈ తప్పొప్పులన్నీ రాతి మీద చెక్కించవలసిన పని ఆయనకేమిటి? ముందు ముందు చెరువు కట్టబోయేవాడు తెలుసుకోవాలని. తాను ఎన్నడూ చూడబోని మనిషికి పాఠం చెప్పటమంటే అదే. పొలిమేర చెరువు దోషమెందుకో కూడా ఆలోచించండి. ఇద్దరిదీ అయినది చివరకు ఎవరిదీ కాకుండా పోతుంది.

కట్టినదాన్ని నిలబెట్టుకోవటానికీ మనవాళ్లు ఏర్పాట్లు చేసుకున్నారు. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చూసేవారికి ఆయకట్టులో కొంత భూమిని మాన్యంగా ఇచ్చేవారు. అది దశబంధం. ఇంటికొక మనిషి పారా పట్టుకొని వచ్చి పూడిక తీసి, కట్టకు గండి పడకుండా మన్ను వేసే ఆచారం కుడిమరామత్తు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈ పనికి రానివారి మీద చర్య తీసుకొనే చట్టం చేసింది. చట్టం అవసరమైందంటే అప్పటికే ఆచారం సడలుతున్నదన్నమాట. క్రమంగా చెరువు మనదన్న మాట పోయి, సర్కారుదన్న మాట వచ్చింది.

తరువాత బోర్లు వచ్చాయి. చెరువుతో పనేమిటనుకున్నాము. కాని చెరువులో నిలిచిన నీరే ఇంకి చుట్టుపట్ల బావులకు, బోర్లకు వూట అవుతుంది. పూడిక నిండి, వాగు నీరు వచ్చే కాలువలు మూసుకుపోతే ముందు చెరువు ఎండుతుంది, తరువాత బోరు ఎండుతుంది. శిఖం భూమి ఆక్రమించి ఇవాళ రెండు పుట్లు పండించుకున్నవాడు మనుమడి నీళ్లు ముందుగా తాగేసినట్టే.

మంచి ప్రయత్నాలూ జరిగాయి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాల చట్టం వచ్చింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీశారు, రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. పోరుమామిళ్ల చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపునిచ్చింది. అయితే ఒకసారి తీసిన పూడిక మళ్లీ చేరుతుంది. పథకం ముగుస్తుంది, వాన ముగియదు.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. తొలకరికి ముందే బడిపిల్లలను కట్ట మీదికి తీసుకువెళ్లండి. ఇది తూము, ఇది అలుగు, ఈ దారినే నీరు వస్తుంది అని చూపించండి. కాలువకు ఎక్కడ అడ్డు పడిందో వారినే కనిపెట్టమనండి. నెలకొకసారి నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాయించండి. పదేండ్లకు ఆ పుస్తకమే వూరికి శాసనమవుతుంది.

సోదరులారా! ఇంకా పుట్టని రైతుకు గ్రామసభలో చెయ్యెత్తే వీలు లేదు. అతని తరఫున చెయ్యెత్తవలసినది మనమే. ఈ వేసవిలో మీ చెరువు కట్ట ఒక్కసారి నడిచి చూసి రండి.